మా తాతల నాటి ఓడ కాగితాల కోసం 8 నెలలు తిరిగా: నా అనుభవం

మా ఇంట్లో పెళ్లయినా తద్దినమైనా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఎత్తే మాట ఇది. "మనకి కోరంగిలో మూడు ఓడలుండేవిరా, రంగం దాకా వెళ్లేవి, ఉప్పెనలో పోయాయి." కోరంగి అంటే కాకినాడ దగ్గరి పాత ఓడరేవు, రంగం అంటే బర్మాలో రంగూన్. నా చిన్నప్పుడు మా తాతయ్య చెప్పేవాడు, ఇప్పుడు పెదనాన్న చెప్తాడు, మా అన్నయ్య పెళ్లి సంబంధాలప్పుడు బయోడేటాలో కూడా రాశారంటే చూడండి. నేను నమ్మాననీ చెప్పలేను, నమ్మలేదనీ చెప్పలేను, అదొక కథలా ఉండేది అంతే.

2025 ఉగాదికి, అంటే మార్చి 30న, తాళ్ళరేవు వెళ్లా. పెదనాన్న పాత ఇల్లు పడగొట్టించేస్తున్నాడు, పెంకులు అప్పటికే దించేశారు. అటక మీద భోషాణం దించుతుంటే అందులో ఇత్తడి సామాను కింద ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకాలు రెండు కనబడ్డాయి. మా వదిన పాత పేపర్ల వాడికి వేసేద్దాం అంది, నేను సంచిలో పెట్టుకున్నా. మొదటిదాని పైన "శ్రీ" అని, దాని కింద "విశ్వావసు" అని మాత్రం చదవగలిగా, మిగతా అంతా గొలుసుకట్టు రాత, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, తెలుగే కానీ తెలుగులా ఉండదు. ఆ రోజు పంచాంగ శ్రవణంలో పంతులుగారు కూడా విశ్వావసు నామ సంవత్సరం అనే చదివారు, నాకు ఒళ్లు ఝల్లుమంది నిజంగా.

అక్కడే మొదటి చిక్కు కూడా ఉంది. మన సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, ఈ విశ్వావసు 1965 అవ్వచ్చు, 1905 అవ్వచ్చు, 1845 అవ్వచ్చు, 1785 కూడా అవ్వచ్చు. పుస్తకంలో ఇంగ్లీషు తేదీ ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి పేజీలు తిప్పుతుంటే ఒకచోట "ఓడ" అన్న మాట స్పష్టంగా ఉంది, దాని పక్కన అడ్డంగా మూడు చిన్న గీతలు, ఒకదాని మీద ఒకటి. ఇంకేం, మూడు ఓడలు! ఫోటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా, "ప్రూఫ్ దొరికింది" అని. 40 మంది ఉన్న గ్రూపు అది, రెండు రోజులు పండగే, అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకైతే ఓడ బొమ్మతో డీపీ కూడా మార్చేశాడు. ఆ ఫోటో పెట్టకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక తెలివితక్కువ పని చేశా. ఊడిపోయిన కాగితం ఒకటి ఉంటే పాడవుతుందేమో అని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించా, 40 రూపాయలు. ఆ వేడికి కాగితం ఒక మూల గోధుమరంగు తిరిగింది, లోపల గాలి బుడగలు, ఇక దాన్ని బయటికి తీసే దారే లేదు. ఎవరైనా సరే పాత కాగితం దొరికితే లామినేషన్ జోలికి వెళ్లకండి, టేపు కూడా వెయ్యకండి, తెల్లటి నూలుగుడ్డలో చుట్టి తడి తగలని చోట పెట్టండి చాలు. వేపాకు వేస్తే మంచిదని మా మామ్మ చెప్పింది, వేశా.

చదివేవాళ్ల కోసం మూడు వారాలు వెతికా. కాలేజీ తెలుగు లెక్చరర్లు ఇద్దరిని అడిగితే అచ్చు పుస్తకమైతే చదువుతాం బాబూ అన్నారు. చివరికి రామచంద్రపురం వైపు ఒక మాస్టారు దొరికారు, వయసు 80 దాటింది, వాళ్ల నాన్నగారు కరణీకం చేసేవారట, చిన్నప్పుడు ఆ లెక్కలన్నీ ఈయనే ఎత్తి రాసేవారట. ఏప్రిల్ 27న వెళ్లి కూర్చున్నా. ఆయన పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని తుడుచుకుని, పేజీలు లెక్కపెడుతూ "లాభం, రెండు, మూడు" అన్నారు, ఒకటి అనకుండా. మా తాతయ్య వడ్లు కొలిచేటప్పుడు అలాగే అనేవాడు, ఎన్నేళ్లయిందో ఆ మాట విని.

ఆ మూడు గీతల పేజీ తీసి గర్వంగా చూపించా. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, నవ్వి,

"ఇది మూడు కాదు బాబూ, మూడు వీసాలు."

అర్థం కాలేదు. అప్పుడు ఆయన నా నోట్‌బుక్కులో గీసి చూపించారు. పాత లెక్కల్లో నిలువు గీత అంటే కాలు, అంటే నాలుగో వంతు, రెండు నిలువు గీతలు అర, మూడు ముప్పావు. అదే గీత అడ్డంగా పడుకోబెడితే వీసం, అంటే పదహారో వంతు. మూడు అడ్డగీతలంటే పదహారింట మూడు వంతులు. "ఒక ఓడలో మీవాళ్లకి మూడు వీసాల వాటా ఉంది. మిగతా పదమూడూ వేరేవాళ్లవి." అని చాలా మామూలుగా చెప్పేసి మజ్జిగ తాగమన్నారు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు. మూడు ఓడలు అన్న కథలో మూడు ఒక్కటే నిజమన్నమాట, అది కూడా వీసాల్లో.

గ్రూపులో చెప్పలేదు అప్పుడే. ధైర్యం చాలలేదు.

మాస్టారి దగ్గర పుస్తకాలు పెట్టి రావడానికి మనసొప్పక ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసి ప్రింట్లు వేయించి ఇచ్చా, 212 పేజీలు, కాస్త పెద్దవిగా వేయిస్తే 2,100 అయింది. ఆయన రోజుకి నాలుగైదు పేజీలు చదివి, చదివింది మామూలు అక్షరాల్లో రాసి పెట్టేవారు, ఆదివారం ఆదివారం నేను వెళ్లి తెచ్చుకునేవాణ్ణి. మొత్తం 7 వారాలు. డబ్బులు వద్దన్నారు, బలవంతంగా 5,000 వాళ్లావిడ చేతిలో పెట్టా, ఆవిడ ఎదురు మామిడిపళ్లు ఇచ్చారు.

ఆ 7 వారాల్లో తెలిసింది ఇది. పుస్తకంలో "కుంఫిణీ రూపాయలు" అని పదే పదే ఉంది, కాబట్టి 1905 కాదు, అప్పటికి కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, పోయి ఎన్నాళ్లో అయిపోయింది. అలాగని 1785 కూడా కాదు, ఆ రోజుల్లో అయితే లెక్క వరహాల్లో ఉండాలి అన్నారు మాస్టారు. అంటే 1845-46. అక్కడ ఇంకో దెబ్బ తగిలింది. కోరంగిని ముంచిన పెద్ద ఉప్పెన 1839 నవంబర్ 25న వచ్చింది, దానికి ముందు 1789 డిసెంబర్‌లో ఒకటి. మా పుస్తకం ఆ రెండో ఉప్పెన తర్వాత ఆరేళ్లకి రాసింది. అంటే ఈ ఓడ ఉప్పెనలో పోలేదు, ఉప్పెన తర్వాత కూడా శుభ్రంగా తిరుగుతోంది. కథలో రెండో ముక్క కూడా పోయింది.

లెక్కలు మాత్రం ఎంత బాగున్నాయో. బియ్యం, పొగాకు, నూనె ఎక్కించింది, టండేలుకి (ఓడ నడిపే పెద్ద) ఇచ్చింది, కలాసీలకి (ఓడ పనివాళ్లు) బత్తెం, తెరచాప గుడ్డకి, కొబ్బరి తాళ్లకి, కేవు కింద వచ్చింది, అన్నీ వాటాల ప్రకారం పంచి రాశారు. కేవు అంటే ఓడ కిరాయి, ఈ మాట మా మామ్మకి తెలుసు, నాకు తెలీదు. ఒకచోట ఓడ బయల్దేరే రోజు కొబ్బరికాయలకి, పసుపు కుంకానికి ఆరు అణాలు ఖర్చు రాసి ఉంది. అంత పెద్ద ఓడ లెక్కలో ఆరు అణాలకి కూడా వాటా వేశారు, మా భాగానికి ఎంత పడిందో అదీ రాశారు. ఎవరు రాశాడో ఆ మనిషి, మా ముత్తాతకి తాత అవుతాడు వరసకి, ఆ పేజీ చూశాక నాకు మొదటిసారి మనిషిలా కనబడ్డాడు.

ఒక్క మాట మాత్రం మాస్టారికీ అందలేదు. ఓడ ఎక్కడికి వెళ్లిందో రాసిన చోట "మవులమేనుకు" అని ఉంది. మేను అంటే ఒళ్లు కదా, "ఎవరి ఒంటికో ఏదో చేశారు బాబూ" అని ఆయన, లేదండీ ఊరేమో అని నేను, అలా వదిలేశాం.

సర్కారు కాగితాల్లో ఈ ఓడ ఉందా లేదా తేల్చాలని పట్టుదల పుట్టింది. ముందు దగ్గర్లో ఉన్న ఒక ఆఫీసుకి వెళ్లా, పేరెందుకులెండి. జూన్‌లో నాలుగుసార్లు తిరిగా. మొదటిసారి సెక్షన్ ఆయన సెలవు, రెండోసారి దరఖాస్తు పెట్టమన్నారు, మూడోసారి ఏ సర్వే నంబరు అని అడిగారు, ఓడకి సర్వే నంబరు ఉండదండీ అంటే నన్నొక వింత జంతువుని చూసినట్టు చూశారు. నాలుగోసారి అంత పాతవి ఇక్కడ ఉండవు పొమ్మన్నారు. ఆ ముక్క మొదటి రోజే చెప్పచ్చు.

మధ్యలో ఎవరో చెప్పారని నెదర్లాండ్స్ వాళ్ల జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో కూడా పడ్డా. డచ్చి కంపెనీ కాగితాలు స్కాన్ చేసి ఊరికే చూసుకోనిస్తారు, కంప్యూటర్ చేత చేతిరాత చదివించి దాదాపు 50 లక్షల పేజీల్లో మాట వెతుక్కునేలా పెట్టారు, పాలకొల్లు అని కొడితే 300 ఏళ్ల కిందటి పేజీలు వచ్చి పడ్డాయి. రాత్రి రెండింటి దాకా కూర్చునేవాణ్ణి. కానీ డచ్చి కంపెనీ 1799తోనే మూతపడింది, మా లెక్క 1845ది. ఆ ఆలోచన నాకు పది రాత్రుల తర్వాత వచ్చింది. మీ ఇంటి కథ అంతకు ముందుదైతే మాత్రం అక్కడ చూడండి, మచిలీపట్నం, భీమిలి, జగన్నాథపురం, ద్రాక్షారం పేర్లన్నీ ఉంటాయి.

1845 నాటికి మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీ కింద కదా, ఆ కాగితాలు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. రీసెర్చ్ స్కాలర్ని కాదు కాబట్టి తెలిసిన ప్రిన్సిపాల్‌గారి దగ్గర పరిచయ లేఖ రాయించుకుని, ఆధార్ కాపీ, ఏం వెతుకుతున్నానో ఒక పేజీ జతచేసి జులైలో పంపా. ఆగస్టు 17 ఆదివారం కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కా, తెల్లారేసరికి ఎగ్మూరు, స్టేషన్ దగ్గర్నుంచి నడిచే వెళ్లచ్చు. ఎర్ర ఇటుకల పాత బిల్డింగు, చెట్లు, లోపలికి వెళ్తే పాత కాగితం వాసన. బ్యాగులో పెన్సిల్ పెట్టుకుని వెళ్లండి, పాత కాగితాల దగ్గర పెన్నుతో ఎవరికీ మంచిది కాదు.

మొదటి రోజు మొత్తం నా తప్పు వల్లే పోయింది. ఇండెక్సుల్లో "గోదావరి" కింద వెతికా. గోదావరి జిల్లా అనేది 1859లో వచ్చింది, అంతకు ముందు అది రాజమండ్రి జిల్లా. పక్క టేబుల్ దగ్గర ఒక తమిళ రీసెర్చ్ అమ్మాయి నా అవస్థ చూసి చెప్పింది. రెండో చిక్కు సంవత్సరం, రెవెన్యూ లెక్కలు ఫసలీల్లో ఉంటాయి, ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది, అది జులైలో మొదలవుతుంది. కాబట్టి మా విశ్వావసు కొంత ఫసలీ 1254లోనూ ఎక్కువ భాగం 1255లోనూ పడుతుంది. నోట్‌బుక్కు వెనకాల మూడు నిలువు గడులు గీసుకుని విశ్వావసు ఒకటి, ఫసలీ ఒకటి, ఇంగ్లీషు ఒకటి రాసుకున్నాక గానీ పని నడవలేదు.

ఇక పేర్లు. దొర రాసిన తెలుగు పేరుని పోల్చుకోవడం ఒక విద్య. మద్రాసులో 1680లో చనిపోయిన పెద్ద వర్తకుడు కాశీ వీరన్న కుంఫిణీ కాగితాల్లో "కాసా వెరోనా" అయిపోయాడు, ఇటలీ వాడిలాగా. అలాంటిది మా ఊరి సుబ్బయ్యలూ వెంకన్నలూ ఏమైపోయి ఉంటారు? కోరంగే నాలుగు రకాలుగా ఉంది. నేను చేసింది ఏంటంటే మా పెద్దాయన పేరు గట్టిగా పలుకుతూ, తెలుగు రాని మనిషి వింటే ఎలా రాస్తాడో అలా పన్నెండు రకాలుగా రాసుకుని ఒక్కోటీ వెతకడం. పక్కవాళ్లు నవ్వుకుని ఉంటారు.

ఆ మూడు రోజుల్లో ఏమీ దొరకలేదు. ఉప్పెన తర్వాత శిస్తు తగ్గించమన్న అర్జీలు, ఉప్పు లెక్కలు, ఎవరెవరివో గొడవలు, చదువుతుంటే టైమ్ తెలియదు కానీ మావి కావు. లాడ్జి, తిండి, ట్రైను కలిపి 6,800. రిటర్న్ ట్రైన్‌లో మా ఆవిడ ఫోన్ చేసి "ఏమైనా దొరికిందా" అంటే నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో తెలీదు, ఎవడో 180 ఏళ్ల కిందటి మనిషి కోసం.

రెండోసారి అక్టోబర్ 12న బయల్దేరి 13, 14, 15 ఉన్నా. ఈసారి మనిషి పేరు వదిలేసి రేవు పేరు పట్టుకున్నా, సముద్ర సుంకాల లెక్కల కోసం స్లిప్పులు రాసిచ్చా. 14వ తేదీ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి టేబుల్ మీద మూడు పెద్ద బైండు పుస్తకాలు. రెండోదాంట్లో కోరంగి నుంచి వెళ్లిన ఓడల పట్టీ. వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతున్నా, బియ్యం, పొగాకు, నూనె, ఆ నెలలోనే, టండేలు పేరు మా పుస్తకంలో ఉన్నదానికి దగ్గరగా ఉంది, ఎక్కడికి వెళ్లింది అన్న గడిలో "మౌల్మీన్".

మవులమేను!

ఒంటికీ మేనుకీ ఏం సంబంధం లేదు, బర్మాలో మౌల్మీన్. తర్వాత ఆలోచిస్తే రంగం అనే అవకాశం తక్కువేనేమో, అప్పటికి రంగం ఇంకా బర్మా రాజు చేతిలోనే ఉంది, 1852 యుద్ధంలో గానీ ఇంగ్లీషువాళ్లు తీసుకోలేదు, మౌల్మీన్ మాత్రం 1826 నుంచే వాళ్లది, టేకు కలపకి పెద్ద రేవు. మా వాళ్లకి తర్వాతి తరాల్లో బర్మా అంటే రంగమే కాబట్టి కథలో ఊరు మారిపోయింది. వెంటనే మాస్టారికి ఫోన్ చేద్దామని బయటికి పరిగెత్తా. ఆయన విని కాసేపు ఆగి, "నేను ఒళ్లు అన్నానే" అని, ఒకటే నవ్వు.

ఓడ యజమాని అన్న గడిలో మాత్రం మా పేరు లేదు. వేరే ఆయన పేరుంది, పెద్ద వాటాదారు అయ్యుంటాడు. మూడు వీసాల వాడి పేరు సర్కారుకి ఎందుకు? నకలు కోసం దరఖాస్తు పెట్టి డబ్బు కట్టి వచ్చేశా, నవంబర్‌లో చేతికొచ్చింది. ఒకే ఒక పేజీ, ఎనిమిది వరసలు. అంతా కలిపి నాకైన ఖర్చు 24,000 చిల్లర.

ఇంకా రెండో పుస్తకం మిగిలింది. అది చిన్నది, సగం చెదలు తినేసింది, మాస్టారు తీరిగ్గా చదువుతా అన్నారు. అక్టోబర్ 28న మొంథా తుపాను మన తీరం మీదకే వస్తోందంటే రెండు రోజుల ముందే ఒరిజినల్స్ రెండూ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కాకినాడలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లో బీరువా పైకెక్కించా. కరెంటు పోయి చీకట్లో కూర్చుని ఆ గాలి వింటుంటే మాస్టారి ఫోన్. తుపాను సంగతి అడుగుతారనుకున్నా. "బాబూ, కీలక సంవత్సరంలో వాటా అమ్మేశారు" అన్నారు. కీలక అంటే 1848-49. "రొక్కం కొంత ముట్టింది, మిగతాదానికి టేకు దూలాలు పదకొండు, ఇంటికి తోలించుకున్నారు అని ఉంది."

నాకు నోట మాట రాలేదు. ఏప్రిల్‌లో పాత ఇల్లు పడగొట్టినప్పుడు దూలాలు పాత కలప కొనేవాడికి పెదనాన్న 1,60,000కి అమ్మేశాడు. అప్పుడు నేను కూడా అక్కడే ఉన్నా, లారీలోకి ఎక్కిస్తుంటే వీడియో కూడా తీశా, ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, ఇద్దరు ముగ్గురు మోస్తే గానీ లేవనివి. ఎన్ని ఉన్నాయో వీడియో ఆపి ఆపి లెక్కపెట్టా, తొమ్మిది.

కలప వాడికి ఫోన్ చేస్తే ఎప్పుడో కోయించేశామండి, ఏదో రిసార్టుకి తలుపులకి పోయింది అన్నాడు.

నవంబర్ 9 ఆదివారం తాళ్ళరేవు వెళ్లి అందరికీ చెప్పా. మూడు ఓడలు కాదు, ఒకే ఓడ, అందులో మూడు వీసాలు, రంగం కాదు, ఉప్పెన కాదు. పెదనాన్న మొహం మాడ్చుకుని "ఇదంతా గ్రూపులో పెట్టకురోయ్, చిన్నోడి సంబంధం మాట్లాడుతున్నాం" అన్నాడు. మా మామ్మకి 91 ఏళ్లు, చెవి సరిగ్గా వినబడదు, రెండుసార్లు చెప్పించుకుని, "మూడు వీసాలంటే తక్కువా ఏంటిరా, మీ తాతకి ఆ మాత్రం కూడా లేదు" అంది.

మిగతా రెండు దూలాలు ఏమయ్యాయని అడిగితే ఒకటి ఎప్పుడో మా చిన్నతాత వాటాకి వెళ్లిందట. రెండోదాని ముక్క పశువుల సావిట్లో ఉంది, మూడడుగులు ఉంటుందేమో, దాని మీద పెట్టి కొబ్బరికాయలు కొడుతున్నారు ఇన్నాళ్లూ, పైనంతా కత్తి గాట్లు. పెదనాన్నని అడిగితే తీసుకుపో అన్నాడు. ఆటోలో కాకినాడ తీసుకురావడానికి 600, పైకి మోయడానికి వాచ్‌మన్‌కి ఇంకో 200. ఇప్పుడు మా హాల్లో టీవీ కింద ఉంది. కొబ్బరి నీళ్లు ఎన్నేళ్లు తాగిందో గానీ తడిగుడ్డతో తుడిస్తే ఇప్పటికీ కమ్మటి వాసనొస్తోంది, మా ఆవిడ మాత్రం దానికి చీమలు పడతాయని గొడవ.